గుడ్డు తెల్లసొన, గుడ్డు నీలిగడి

విరిగింది ఏదైనా పుత్తూరులో అతుక్కుంటుందని మా వాళ్లకొక ధీమా. ఆ ధీమా ఊరికే రాలేదు. పక్కనే రాచపాళెంలో తరతరాలుగా విరిగిన ఎముకలకు కట్టు కడుతున్నారు. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు, సరంజామా ఇంతే. అయినా తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ జనం వచ్చి కూర్చుంటారు. ఇంగ్లీషు వైద్యులు ఒప్పుకున్నా లేకున్నా ఒక్కటి మాత్రం నిజం. అక్కడ వేళ్లతో తడిమి చూడకుండా కట్టరు. ఎక్స్‌రే తెస్తే వెలుతురుకు పట్టి చూస్తారు. కట్టి పంపేటప్పుడు మళ్లీ ఎప్పుడు రావాలో చెప్తారు.

ఇదే ఊళ్లో కంప్యూటర్ షాపుకొచ్చేసరికి ఆ తడమడమూ లేదు, మళ్లీ రమ్మనడమూ లేదు.

నా పాత హార్డ్‌డిస్క్ తొమ్మిదేళ్లు పనిచేసి, ఆఖరి వారం గోడగడియారంలా టిక్కుటిక్కుమని కొట్టుకుని పోయింది. కొత్తది కొన్నాను, నాలుగు టీబీ. షాపు కుర్రాడు బిగించాడు, స్విచ్ వేశాడు, డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచాడు. పైన నీలిరంగు గడి, అందులో 'గుడ్' అని ఉంది.

"చూడు సార్, గుడ్డు! హెల్తు నూటికి నూరు. ఇంక పదేండ్లు తిరిగి చూసే పన్లేదు."

నూరు అన్న అంకె ఆ గడిలో ఎక్కడా లేదు. అది కుర్రాడి సొంత కవిత్వం. బిల్లులో మాత్రం 'హెల్త్ చెకప్ 200' అని అచ్చయింది. చెకప్‌కు పట్టిన కాలం నా లెక్కన పన్నెండు సెకన్లు. తిరుపతిలో ఏ పెద్ద డాక్టరూ ఇంత వేగంగా సంపాదించలేడు.

ఆ గడి చెప్పేదేమిటో చూద్దాం. ప్రతి డిస్కూ తన సంగతులు తానే రాసుకుంటుంది, దానికి స్మార్ట్ అని పేరు. ఎన్ని సెక్టార్లు చెడి పక్కకు తప్పించిందో ఒక లెక్క, చదవలేక పెండింగులో పెట్టినవి ఒక లెక్క, ఇక బాగుపడవని వదిలేసినవి ఇంకొకటి. ఈ మూడూ సున్నా అయితే గడి నీలం. నిన్న డబ్బాలోంచి తీసిన డిస్కుకు అవి సున్నా కాక ఇంకేముంటాయి? పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకునే పిలిచి "నీకేమైనా చెడలవాట్లున్నాయా నాయనా" అని అడిగి, "లేవండీ" అనగానే తాంబూలాలు పుచ్చుకున్నట్టుంది. పైగా ఆ పెళ్లికొడుకు అబద్ధం కూడా చెప్పడం లేదు, పాపం. తనలో చెడ్డ సెక్టారుందని డిస్కుకు తెలిసేది దాన్ని చదవబోయి తడబడినప్పుడే. నాలుగు టీబీలో ఒక మూల కూడా చదవని డిస్కు తన ఒంటి సంగతి ఏం చెప్తుంది?

గూగుల్ వాళ్లు తమ దగ్గర తిరిగే లక్షకు పైగా డిస్కుల లెక్క 2007లో బయటపెట్టారు. పోయిన డిస్కుల్లో సగానికి పైగా, 56 శాతం, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. గుడ్డు గుడ్డంటూనే కన్నుమూశాయన్నమాట.

"కొత్తది గదా సార్, వాడిన గంటలు కూడా సున్నానే" అని కుర్రాడు రెండో అస్త్రం తీశాడు. 2025 జనవరిలో జర్మనీ పత్రిక హైజె ఈ సున్నా గుట్టే విప్పింది. కొత్తవని అమ్మిన సీగేట్ ఎక్సోస్ డిస్కులు కొన్ని అప్పటికే 15 వేల నుంచి 50 వేల గంటలు తిరిగినవి. యాభై వేల గంటలంటే రాత్రీపగలూ అయిదున్నర ఏళ్లకు పైమాటే. స్మార్ట్ గంటలను ఎవరో సున్నాకు తిప్పేశారు, పాత బండి మీటరు తిప్పినట్టు. ఫార్మ్ అనే ఇంకో లెక్క డిస్కు లోపలే ఉంటుందని మరిచారు కాబట్టి మోసం బయటపడింది. చైనాలో క్రిప్టో నాణేల తవ్వకానికి వాడి పారేసినవని అనుమానం.

"మరి మొత్తం చదివించి చూడవా, ఎక్స్‌టెండెడ్ టెస్టు ఉంది గదా" అన్నాను.

"అది రాత్రంతా పడ్తాది సార్. మధ్యలో కరెంటు పోతే?"

కరెంటు మాట నిజమే, కాదనను. కానీ నీలిగడికి రెండొందలు తీసుకున్న చేతికి రాత్రంతా వద్దు, కనీసం "ఇంటికి పోయి పెట్టుకో సార్" అనే నోరైనా ఉండొద్దా?

ఇంట్లో నేనే పెట్టాను. ఎనిమిది గంటలు పట్టింది, తప్పులేమీ రాలేదు. ఆ తర్వాతే ఫోటోలు ఎక్కించాను. పాత డిస్కులోవి కావు, అది ఎప్పుడో నోరు మూసింది. చెల్లెలి దగ్గరున్న కాపీలోవి. పది రోజులకు మళ్లీ చూస్తే స్మార్ట్ లెక్కల్లో 199వ నంబరు వరుసలో, అంటే కేబుల్ దారిలో పాడైన సమాచారం లెక్కలో, సున్నా కాస్తా 14 అయింది. అది డిస్కు జబ్బు కాదు, కేబుల్ జబ్బు. కుర్రాడు నా పాత కేబులే తగిలించాడు. ఎనభై రూపాయల కేబుల్ మార్చాక అంకె అక్కడే ఆగింది. ఇంత జరుగుతున్నా గడి నీలంగానే ఉంది. ఆ వరుసను అది అసలు లెక్కలోకే తీసుకోదు మరి.

కాబట్టి షాపు నాయనలారా, ఒక్క విన్నపం. బిల్లులో 'హెల్త్ చెకప్' అని కొట్టకండి. 'నీలిగడి చూపించినందుకు' అని రాయండి. ఇరవై రూపాయలు ఇచ్చుకుంటాం.