గుత్తాధిపత్యానికి మంగళహారతి

మార్కెట్ మహిమ కళ్ళారా చూడాలంటే కెనడా ఉత్తర కొసన ఉన్న నునావుట్‌కు వెళ్ళాలి. అక్కడ 25 ఊళ్ళున్నాయి, ఏ రెండింటినీ కలిపే రోడ్డు లేదు. సముద్రం మీద మంచు కరిగి ఉండే కొన్ని వారాల్లో ఓడ వచ్చి డీజిలూ డబ్బాలూ దించిపోతుంది. మిగతా ఏడాదంతా కోడిగుడ్డు రావాలన్నా, డాక్టరు రావాలన్నా, శవం సొంతూరు చేరాలన్నా విమానమే గతి. ప్రయాణికుడికి మాత్రం సంపూర్ణ స్వేచ్ఛ: ఎక్కితే ఎక్కవచ్చు, లేదంటే ఇంట్లో కూర్చోవచ్చు.

ఇంతటి స్వేచ్ఛను కాపాడటానికి కెనడా ప్రభుత్వం పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఫస్ట్ ఎయిర్, కెనడియన్ నార్త్ అని అక్కడ రెండు సంస్థలుండేవి. రెండూ ఆర్కిటిక్ ఆదివాసుల సంస్థల చేతిలోనివే. సగం ఖాళీగా రెండు విమానాలు తిరిగే కంటే నిండుగా ఒకటి తిరగడం మేలని విలీనానికి సిద్ధపడ్డాయి. అలా చేస్తే పోటీ బాగా దెబ్బతింటుందని 2019 ఫిబ్రవరిలో పోటీ వ్యవహారాల కమిషనర్ నివేదిక ఇచ్చారు. రెండూ కలిస్తే ఒకటే మిగులుతుందని చెప్పడానికి ఒక నివేదిక! సర్కారు వారు దాన్ని భక్తిశ్రద్ధలతో స్వీకరించి, జూన్‌లో విలీనానికే ఓటేశారు. ఊరికే వెయ్యలేదండోయ్, షరతులు పెట్టారు. ఖర్చు పెరిగితే తప్ప చార్జీలు పెంచకూడదట, వారపు సర్వీసులు తగ్గించకూడదట. పిల్లికి పాలగిన్నె అప్పజెప్పి, మీసాలు తడవకూడదని ఆర్డరు వేసినట్టు.

2025లో ఆ మిగిలిన ఒక్కటీ 20.5 కోట్ల కెనడా డాలర్లకు విన్నిపెగ్‌లోని ఎక్స్చేంజ్ ఇన్‌కమ్ కార్పొరేషన్ ఖాతాలో పడింది. కామ్ ఎయిర్, పెరిమీటర్, బేర్‌స్కిన్ విమాన సంస్థలు కూడా వారివే. ఇక ఉత్తరాది ఆకాశంలో పోటీ అంటూ ఉంటే, అది చాలావరకు ఒకే పద్దు పుస్తకంలో ఈ పేజీకీ ఆ పేజీకీ మధ్యనే.

విమానం లోపలి సంగతీ చూద్దాం. ఉత్తరాదిలో కాంబీ విమానాలని ఉన్నాయి: ముందు సగం సరుకు, వెనక సగం జనం. ముందు కూర్చున్న క్యాబేజీకి కిలోకింతని ప్రభుత్వ సబ్సిడీ ఉంది. వెనక కూర్చుని చెల్లెల్ని చూడబోయే మనిషికి ఆ పథకంలో చోటు లేదు. ఆ సబ్సిడీ అయినా క్యాబేజీ కొనేవాడి చేతికి రాదు, అమ్మేవాడికి పోతుంది. ఉత్తరాన కిరాణా కొట్లు నడిపే నార్త్ వెస్ట్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, 2017లో నార్త్ స్టార్ ఎయిర్ అనే విమాన సంస్థనే కొనేసింది. కొట్టూ వారిదే, కిరాయీ వారిదే.

లాభం రాని చోట ఎవరుండమన్నారని అడిగే పెద్దమనుషులున్నారు. ఉండమన్నది ప్రభుత్వమే. 1953, 1955లలో ఉత్తర క్యూబెక్ తీరంలోని ఇనుక్జువాక్ నుంచి ఇన్యూట్ ఆదివాసీ కుటుంబాలను ఓడెక్కించి ఇప్పటి నునావుట్ ఉత్తర కొసనున్న గ్రీస్ ఫియోర్డ్, రెజల్యూట్‌లలో దించింది. వేట పుష్కలం, నచ్చకపోతే రెండేళ్ళలో తిరిగి తీసుకొస్తామంది. మంచు మీద జెండా ఒక్కటే నిలబడితే ఆ నేల కెనడాదని ఎవరూ నమ్మరు, పక్కన మనుషులు కూడా కావాలి. తిరిగి తెస్తామన్న మాట అప్పట్లో గాలికి పోయింది. క్షమాపణ మాత్రం 2010లో వచ్చింది. దానికి రవాణా ఖర్చు ఉండదు కదా!

ఆ గ్రీస్ ఫియోర్డ్‌లో ఇవాళ గర్భిణి నెలలు నిండకముందే సంచి సర్దుకోవాలి. కంకర రన్‌వే మీద చిన్న విమానం ఎక్కి, దాదాపు 1,500 కిలోమీటర్ల అవతల నునావుట్ రాజధాని ఇకాలువిట్ చేరి, వారాల తరబడి వసతి గృహం మంచం మీద రోజులు లెక్కపెట్టుకోవాలి. అక్కడ కుదరని కేసైతే ఇంకా కిందికి, ఒట్టావాకు. తుఫాను పట్టిందా, విమానం రాదు. నొప్పులు వాయిదా పడవు.

దక్షిణాది పట్నాల్లో వీధుల మంచు ఊడ్చే బండి ఎంత లాభం తెచ్చిందని ఎవరూ అడగరు. అది ప్రజాసేవ. ఉత్తరాదిలో ఊరికి ఊరిని కలిపే విమానం మాత్రం వ్యాపారం, రూటు గిట్టాలి, సీటు నిండాలి, వాటాదారుడు చల్లగా ఉండాలి.

ఒక చిన్న మనవి. ఆరోగ్యకరమైన పోటీ మీద తదుపరి జాతీయ సదస్సు ఫిబ్రవరిలో గ్రీస్ ఫియోర్డ్‌లో పెట్టండి. మంత్రులూ కమిషనర్లూ వాటాదారులూ తలా ఒక టికెట్ కొనుక్కు రండి, సొంత జేబులోంచి. టీఏ బిల్లు పెట్టనివారినే మాట్లాడనివ్వండి.