పెట్రోలు పొదుపుకు పది లక్షలు: కలకత్తా తెలుగువారికి కొన్ని సూచనలు

పెట్రోలు ధర పెరిగిందని తెలియగానే కాగితం, కలం తీయకండి. లెక్క వేసి చూసుకున్నవాడు కొత్త కారు కొన్న దాఖలా ఎక్కడా లేదు. మీ పాత కారు లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుందనీ, నెలకు 500 కిలోమీటర్లు తిరుగుతారనీ అనుకుందాం. లీటరు మీద నాలుగు రూపాయలు పెరిగితే నెలకు మీ మీద పడే భారం 167 రూపాయలు. గరియాహాట్‌లో నలుగురు నిలబడి ఎగ్ రోల్ తింటే ఇంతకంటే ఎక్కువే అవుతుంది. ఇది తెలిస్తే ఆవేశం చల్లారిపోతుంది. ఆవేశం చల్లారితే షోరూముకు వెళ్లలేరు. కాబట్టి ముందు షోరూముకు వెళ్లండి, లెక్కల సంగతి తర్వాత.

ఈ సూచనలు అందరికీ కాదు. బదిలీ మీద కలకత్తా వచ్చి, లేక్ మార్కెట్ చుట్టుపక్కల అద్దెకు దిగి, కరివేపాకు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని, డల్హౌసీలో ఆఫీసుకు సొంత కారులోనే వెళ్లాలని పట్టుబట్టే తెలుగు ఉద్యోగి కోసం రాసినవి. పుట్టి పెరిగిన బెంగాలీకి ఇవి అక్కర్లేదు. ఆయన టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని పొద్దున్నే మెట్రో ఎక్కేసి ఉంటాడు.

షోరూములో కుర్రవాడు మీకు మంచినీళ్లు, కాఫీ ఇచ్చాక మైలేజీ సంగతి తీస్తాడు. లీటరుకు 20 అంటాడు. అప్పుడు మీరు వేయవలసిన లెక్క ఒక్కటే: పన్నెండు ఎక్కడ, ఇరవై ఎక్కడ! అంతటితో ఆపేయండి. ఇంకో అడుగు ముందుకేస్తే ప్రమాదం. ఎందుకంటే లీటరు 105 రూపాయల చొప్పున పాత కారుకు నెలకు 4,375 రూపాయల పెట్రోలు, కొత్తదానికి 2,625. మిగిలేది 1,750. పది లక్షల కారుకు, పాతది అమ్మగా వచ్చిన రెండు లక్షలు కట్టి, మిగతా ఎనిమిది లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పు తీసుకుంటే ఈఎంఐ 16,600 పైచిలుకు. అంటే నెలకు 1,750 మిగుల్చుకోవడానికి నెలనెలా పదహారు వేల ఆరు వందలు కడతారు. వడ్డీతో కలిపి మీరు కట్టే మొత్తం పెట్రోలు పొదుపు రూపంలో తిరిగి రావడానికి 47 ఏళ్లు పడుతుంది. బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే చెల్లిపోతుంది. మిగతా ముప్పై రెండేళ్లు పొదుపు ఎలా చేయాలో షోరూము కుర్రవాణ్ణి అడగకండి, పాపం వాడికి నెలాఖరు టార్గెట్ ఉంటుంది.

అయినా నిరాశ పడనక్కర్లేదు. పెట్రోలు లీటరు వెయ్యి రూపాయలు అయిన రోజున ఈ బేరం ఐదేళ్లలో గిట్టుబాటు అవుతుంది. అప్పు చేసి పప్పుకూడు తినేవాడికైనా కనీసం పప్పు మిగిలేది.

ఇక్కడ ఒక చిక్కుంది. అది మీ కంటపడకుండా జాగ్రత్తపడాలి. మైలేజీని మనం లీటరుకు ఇన్ని కిలోమీటర్లని చెప్పుకుంటాం కదా, దానివల్ల కళ్లు మోసపోతాయి. 20 ఇచ్చే కారు మార్చి 25 ఇచ్చేది కొంటే ఐదు పెరిగిందని పొంగిపోతాం. 8 ఇచ్చే డొక్కు బండిని బాగుచేయించి 10 ఇచ్చేలా చేస్తే రెండేగా అని పెదవి విరుస్తాం. ఐదు వందల కిలోమీటర్లకు చూడండి: మొదటివాడికి మిగిలింది ఐదు లీటర్లు, రెండోవాడికి పన్నెండున్నర. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ అనే ఇద్దరు 2008లో సైన్స్ పత్రికలో ఈ భ్రమ గురించే రాశారు. వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని చెప్పుకుంటే ఈ తికమక ఉండదు. కానీ అలా చెప్పుకుంటే పాత బండికి సర్వీసింగు చేయించి, టైర్లలో సరైన గాలి కొట్టించుకుని ఇంటికి పోతారు. గాలి కొట్టించడానికి ఈఎంఐ ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ పొదుపు కింద లెక్కగట్టరు. మీరూ గట్టకండి.

షోరూములో చెప్పిన 20 ఎక్కడిదని అడిగే చాదస్తులు కొందరుంటారు. పుణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థల్లో కారును రోలర్ల మీద నిలబెట్టి నడిపిస్తే వచ్చిన అంకె అది. ఆ పరీక్ష 1,180 సెకన్లు. అందులో బండి పదిన్నర కిలోమీటర్లకు కాస్త పైగా నడుస్తుంది, ఒక దశలో తొంభై వేగం కూడా అందుకుంటుంది. సగటు గంటకు 32 కిలోమీటర్ల పైనే. రోలర్ల మీద ఎదురుగా మినీబస్సు రాదు, పక్కనుంచి ఆటో దూరదు, కాళీఘాట్ దగ్గర మేకల మంద అడ్డం పడదు. ఇక మన ఊరి సంగతి: టామ్‌టామ్ సంస్థ 2024 లెక్కల ప్రకారం కలకత్తాలో పది కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాల 33 సెకన్లు పట్టింది. ఆ ఏడాది దేశంలో ఇంతకంటే నెమ్మదైన నగరం లేదు, బెంగళూరు కూడా మన వెనకే. గంటకు పదిహేడు కిలోమీటర్ల చిల్లర అన్నమాట. ఊరి విస్తీర్ణంలో రోడ్లు ఆరేడు శాతానికి మించవు మరి, బళ్లు ఎక్కడికి పోతాయి!

పెట్రోలు ఆదా కావాలంటే 45 నుంచి 55 వేగంలో నడపమని ఇంధన పొదుపు సంస్థ పీసీఆర్ఏ వాళ్లు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. మంచి సలహా. తప్పక పాటించండి. రాత్రి రెండు గంటలకు లేచి ‘మా’ అనే పేరున్న ఫ్లైఓవర్ ఎక్కితే చక్కగా వీలవుతుంది. పగలు మాత్రం సిగ్నల్ దగ్గర ఆగి రవీంద్ర సంగీతం వినండి. 2011 తర్వాత కూడళ్లలో స్పీకర్లు పెట్టి ఆ ఏర్పాటు చేశారు. ఇంజను ఆపితే ఏసీ ఆగిపోతుంది, ఏసీ ఆగితే వైశాఖంలో పాట రుచించదు, కాబట్టి ఇంజను ఆపకండి. నిలబడిన కారు గంటకు అర లీటరు పైనే తాగుతుంది. కచేరీ టికెట్ అనుకోండి.

డల్హౌసీలో పార్కింగు దొరకదని తేలాక డ్రైవరును పెట్టుకుంటారు. మీరు ఆఫీసులో ఉండగా ఆయన బండిని ఒక వీధిలోంచి ఇంకో వీధికి మారుస్తూ ఉంటాడు. ఆయన జీతాన్ని వాహన ఖర్చులో కలపకండి. ఇన్సూరెన్సు, సర్వీసింగు, ఏటేటా తరిగే బండి విలువ, వీటినీ కలపకండి. బంకులో కట్టేది మాత్రమే కారు ఖర్చు, మిగతాదంతా హోదా. కారు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ జమాఖర్చే నడుస్తోంది. మీరొక్కరే కొత్త పద్ధతి పెట్టి ఆడవాళ్ల చేత చీవాట్లు తినడం దేనికి?

ధర ఎప్పుడు పెరుగుతుందో ముందే పసిగట్టాలనుకుంటే పత్రికలో ముడిచమురు వార్తలు చదివి కళ్లు పాడుచేసుకోవద్దు. ఎన్నికల తేదీలు చూసుకుంటే చాలు. 2017 జూన్ నుంచి రోజూ ధర మారాలని నియమం. కలకత్తాలో 2021 జూలై 7న లీటరు వంద దాటింది. ఆ నవంబరులో ఎక్సైజ్ సుంకం తగ్గించాక, ఐదు రాష్ట్రాల ఎన్నికలు జరిగినంత కాలం నాలుగున్నర నెలలు ధర ఉలకలేదు, పలకలేదు. ఎన్నికలు ముగిశాయో లేదో 2022 మార్చి 22 నుంచి మొదలై పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెరిగింది, చాలాసార్లు ఎనభై పైసల చొప్పున. ఏప్రిల్ 6 నాటికి ఇక్కడ లీటరు 115 రూపాయల 12 పైసలు. మే నెలలో మళ్లీ సుంకం తగ్గితే 106 రూపాయల 3 పైసలకు దిగింది. దిగిన రోజున హైదరాబాదులో ఉన్న బావమరిదికి ఫోను చేయడం మరిచిపోకండి.

“ఏరా, మీకెంత?”

“109 రూపాయల 66 పైసలు బావా.”

“మాకు 106 రా!”

లీటరుకు మూడున్నర రూపాయలు సంపాదించిన తృప్తి ఆ ఒక్క ఫోనుతో వస్తుంది. రాష్ట్రాల వ్యాట్‌లో ఉన్న తేడాయే దీనికి కారణమని అతను వివరించబోతాడు. సిగ్నల్ సరిగా లేదని పెట్టేయండి.

అన్నట్టు ఇథనాల్. ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో ఇరవై శాతం దాకా అదే. లీటరు పెట్రోలుతో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ. పాత తరం కార్లకు మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అంటే మీ పాత కారు 12 ఇవ్వడం మానేసి 11కు దిగితే తప్పు దానిది కాదు. కానీ అదే సాకుగా చూపించి కారు మార్చే అవకాశం ఉంది, వదులుకోవద్దు.

మీ దారికి అడ్డుపడే ప్రలోభాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది మెట్రో. దేశంలో మొదటిది, 1984 అక్టోబర్ 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా మొదలైంది. కనీస టికెట్ ఇప్పటికీ ఐదు రూపాయలు. కాళీఘాట్‌లో ఎక్కితే పదో పదిహేనో రూపాయలతో ఎస్ప్లనేడ్‌లో దిగుతారు, అక్కణ్ణుంచి డల్హౌసీ నడకే. 2024 నుంచి గంగ అడుగున కూడా రైలు నడుస్తోంది, ముప్పావు నిమిషంలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు. మెట్రో ఎక్కితే నెలకు ఆరేడు వందలతో ఆఫీసు రాకపోకలు ముగిసిపోతాయి. మరి ఈఎంఐ కట్టే అలవాటు తప్పిపోదూ? కాబట్టి మెట్రోలో జనం ఎక్కువనీ, చెమట పడుతుందనీ చెప్పుకుంటూ ఉండండి. షేర్ ఆటో కూడా అంతే. గ్యాసు మీద నడుస్తుంది, నలుగురితో పంచుకుంటే చవక. చిల్లర లేదంటే మాత్రం ఆటో దాదా మీ వంశం మొత్తాన్నీ తలుచుకుంటాడు. ఆ భయాన్ని బాగా పెంచుకోండి.

సైకిలు గురించి బెంగ పడకండి, ఆ ప్రలోభాన్ని పోలీసులే తప్పించారు. లీటరుకు లెక్కలేనన్ని కిలోమీటర్లు ఇచ్చే ఏకైక వాహనాన్ని 2013లో 174 రోడ్ల మీద నిషేధించారు. తర్వాత ఆ జాబితా 62కు దిగింది. పాలవాడూ పేపరువాడూ సందుల్లోంచి పోవాలి. పెద్ద రోడ్డు మనది.

ట్రాము సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1873లో గుర్రాలతో మొదలై 1902 నుంచి కరెంటు మీద నడుస్తున్న బండి అది. ధర పెరిగినా తరిగినా పెట్రోలుతో దానికి పనిలేదు. 1953లో రెండో తరగతి టికెట్ మీద ఒక్క కానీ పెంచితే ఈ ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. ట్రాములు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి, చివరికి పెంపు ఆగింది. డెబ్బై ఏళ్ల తర్వాత లీటరు మీద రోజుకు ఎనభై పైసలు పెంచితే మనం ఎక్కడికి వెళ్లాం? షోరూముకు. ఇక 2024 సెప్టెంబరులో, మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా ముచ్చటకు ఒక్కటి ఉంచి మిగతా ట్రాములు తీసేస్తామని రవాణా మంత్రి ప్రకటించారు. అవి నెమ్మదిగా పోతాయట, కార్లకు అడ్డమట. గంటకు పదిహేడు కిలోమీటర్ల కార్లకు! నా మటుకు నాకు ఇంతకంటే తెలివితక్కువ లెక్క షోరూములో కూడా కనపడలేదు.

పాతదే కావాలనుకునేవారికి అంబాసిడర్ ఉండేది. అది తయారయ్యే ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయింది. పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలు తిరగకూడదన్న హైకోర్టు ఉత్తర్వుతో పసుపు ట్యాక్సీలు ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. 2017లో అంబాసిడర్ అన్న పేరును మాత్రం ఫ్రెంచి కంపెనీ ప్యూజో 80 కోట్లు పెట్టి కొంది. చుక్క చమురు తాగని అంబాసిడర్ అదొక్కటే.

నాయకులను చూసి నేర్చుకోవాలనుకుంటే రెండు దారులు. 1973 నవంబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి ధరల పెంపుకు నిరసనగా ఎద్దుల బండిలో పార్లమెంటుకు వెళ్లారు. 2021 ఫిబ్రవరి 25న మమతా బెనర్జీ ఎలక్ట్రిక్ స్కూటర్ వెనక కూర్చుని రాష్ట్ర సచివాలయం నబన్నకు వెళ్లారు, నడిపింది మంత్రి ఫిర్హాద్ హకీమ్. ముందూ వెనకా పోలీసులు, రోడ్డంతా ఖాళీ. అలాంటి రోడ్డు ఇస్తే మీ పాత కారు కూడా పుణేలో వచ్చిన మైలేజీ ఇస్తుంది.

కొన్న కారును మూడేళ్లకల్లా అమ్మేయాలి. నలభై ఏడేళ్లూ ఆగితే పొదుపు నిజంగానే మొదలయ్యే ప్రమాదం ఉంది. ప్రకటనలో ఒకే చేతి బండి, తక్కువ తిరిగింది, ఏఆర్ఏఐ మైలేజీ 20 అని రాయండి. వచ్చినవాడు బానెట్ ఎత్తి చూస్తాడు, టైర్లు తన్ని చూస్తాడు, ఆఖరికి ఎందుకు అమ్ముతున్నారని అడుగుతాడు. పెట్రోలు ధర మళ్లీ పెరిగింది కదండీ, ఇంకాస్త ఎక్కువ మైలేజీ ఇచ్చేది బుక్ చేశానని చెప్పండి.