తెగేదాకా లాగితే

దారం ఎప్పుడు తెగాలో దారానికి బాగా తెలుసు. పని మొదట్లో తెగదు. అప్పుడు తెగితే మనకు పోయేదేమీ ఉండదు. తోక కట్టి, ఒళ్లు చుట్టి, రెక్కలు నిలబెట్టి, మెడ చుట్టూ ఈక తిప్పి, ఇక ముడేసి లేచి కాఫీ పెట్టుకుందాం అనుకునేదాకా బుద్ధిగా ఉండి, అప్పుడు టిక్కుమంటుంది. చప్పుడు చిన్నదే. దాని వెనకాల మా ఇంట్లో వినిపించే తెలుగు మాత్రం పిల్లలు వినదగ్గది కాదు.

నేనుండేది మిషిగన్‌లో. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ కూర్చోవడం చాలదన్నట్టు శనివారం కూడా కూర్చుని, గాలాల మీద దొంగపురుగులు కడుతుంటాను. ఇక్కడ వాటిని ఫ్లై అంటారు. వానపాము గుచ్చడాలు, పిండి ముద్దలు ఉండవు. ఈక, బొచ్చు, దారం, ఈ మూడింటితోనే నీటిమీద వాలిన పురుగు అనిపించేదాన్ని కట్టి ట్రౌట్ చేప ముందు పడేలా విసరాలి. చేప మోసపోతుందా లేదా అన్నది తర్వాతి మాట. ముందు కట్టడం పూర్తవ్వాలి కదా!

ఇదేమీ నిన్నమొన్నటి పిచ్చి కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలోనే ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలో ఆస్ట్రేయస్ నది దగ్గర జనం గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలు పడుతున్నారని రాసిపెట్టాడు. దారం తెగినట్టు మాత్రం రాయలేదు. కట్టినవాడు ఆ సంగతి చెప్పి ఉండడు.

నేను ఎక్కువగా కట్టేది ఆడమ్స్ అనే రకం. మా రాష్ట్రంలోనే పుట్టింది. 1922లో మేఫీల్డ్ అనే ఊళ్లో లెన్ హాలడే అనే ఆయన దీన్ని కట్టి, ఒహాయో నుంచి వచ్చిన స్నేహితుడు చార్లెస్ ఆడమ్స్ చేతిలో పెట్టాడు. ఆయన బోర్డ్‌మన్ నదిలో విసిరి చూసి, సాయంత్రానికి ఉబ్బితబ్బిబ్బై తిరిగొచ్చాడట. దాంతో పేరు కూడా ఆయనదే పెట్టేశారు. కట్టినవాడి కష్టం కట్టినవాడిదే, పేరు విసిరినవాడిది. బూడిదరంగు మస్క్‌రాట్ బొచ్చుతో ఒళ్లు, అడ్డచారల పుంజు ఈక కొసలతో రెక్కలు, మెడకు ఆ చారల ఈకా గోధుమరంగు ఈకా కలిపి చుట్టాలి. ఇదంతా చిటికెనవేలి గోరు మీద పట్టేసే గాలం మీద జరగాలి.

పైగా ఈ లోకంలో అంకెలన్నీ తలకిందులు. గాలం నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 14 కంటే 18 బుల్లిది. దారానికి సున్నాల లెక్క; 6/0 కంటే 8/0 సన్నం. ఇది చాలదని డెనియర్ అని ఇంకో కొలత. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. నేను వాడేది 70 డెనియర్. సికింద్రాబాద్ స్టేషన్‌లో కొస ముడేసి చార్మినార్ వైపు నడుచుకుంటూ పోతే, దాదాపు అక్కడికి చేరేసరికి ఖర్చయ్యే దారం మొత్తం బరువు ఒక చిన్న ఉల్లిపాయంత. అలాంటిదాన్ని లాగితే తెగింది అంటే తప్పు లాగినవాడిదా, అంత సన్నంగా తీసినవాడిదా?

అందుకే తెగిన ప్రతిసారీ న్యాయంగా విచారణ జరుపుతాను. ముద్దాయిల జాబితాలో నా పేరు ఇంతవరకూ రాలేదు.

మొదటి ముద్దాయి గాలం మొన. తోక కట్టడానికి దారం వెనక్కి వెళ్లినప్పుడు ఈ మొన పక్క నుంచే గీసుకుంటూ పోతుంది. వెంటనే తెగదు. ఒకటి రెండు పోగులు లేచి, నూగులా నిక్కబొడుచుకుంటాయి. ఆ గాయంతోనే దారం పది చుట్లు తిరిగి, మనం నమ్మకంగా బిగించే చోట ప్రాణం వదులుతుంది. మొనని, గాలాన్ని బిగించి పట్టుకునే వైస్ దవడల్లో దాచేసి కట్టండి, గొడవ ఉండదు అంటుంది ఒక వర్గం. అలా దాస్తే మొన మొద్దుబారుతుంది, చేప నోట్లో దిగదు అంటుంది ఇంకో వర్గం. రెండు వర్గాలకీ గడ్డాలు నెరిశాయి, తీర్పు మాత్రం రాలేదు.

రెండో ముద్దాయి బాబిన్ గొట్టం. దారం ఆ సన్నటి ఇనప గొట్టంలోంచే బయటికి రావాలి. గొట్టం మూతి దగ్గర కంటికి కనిపించని గరుకు ఒక్కటున్నా చాలు, అది వచ్చేపోయే దారాన్ని కోసుకుంటూ కూర్చుంటుంది. దూది తిప్పి చూస్తే పోగు చిక్కుకుని దొంగ దొరుకుతాడు. ఈ బాధ పడలేక జనం పింగాణీ గొట్టాలున్న బాబిన్లు కొంటారు. అవి గరుకు తేలవు. కింద పడితే పగులుతాయి, అది వేరే ఖర్చు.

మూడోది బాబిన్ చేతుల బిగుతు. రీలుని రెండు తీగ చేతులు అటూ ఇటూ పట్టుకుని ఉంటాయి. మరీ బిగిస్తే దారం రాదు, వచ్చేలోపు తెగుతుంది. వాటిని కాస్త విడదీసి వంచితే సరి. నాలుగోది సూర్యుడు. కిటికీ పక్కన ఏళ్ల తరబడి పడున్న రీలు పైకి నిగనిగలాడుతుంది గానీ లోపల సత్తువ ఉండదు. అయిదోది మిషిగన్ చలి. జనవరి వచ్చిందంటే వేళ్లు పగిలి గరుకుతేలి, ముట్టుకున్న దారమల్లా పీచు లేస్తుంది.

ఇంత పకడ్బందీగా కేసు కట్టి వినిపిస్తే, మా ఆవిడ కూరగాయలు తరుగుతూ ఒకే మాట అడిగింది.

"ఏవండీ, మరి దాన్ని లాగేదెవరు?"

సాక్షులతో వాదనలు పెట్టుకోకూడదని ఊరుకున్నాను. ఆవిడ గోళ్లరంగు సీసా అప్పటికి నా బల్లమీదే ఉంది. తల దగ్గర ముడి ఊడకుండా పైన ఒక చుక్క వేయడానికి రంగులేని గోళ్లరంగుని మించింది లేదు. ఆ సంగతి బయటపడే ప్రమాదం కూడా ఉంది.

సరే, తెగింది. తెగాక ఏం చేయాలన్నదే అసలు విద్య. కొస కాస్త పొడవుగా మిగిలితే అదృష్టవంతులు. ఈకలు పట్టే బుల్లి పట్టకారు ఆ కొసకి తగిలించి వేలాడదీస్తే, ఆ బరువుకే చుట్లు కదలకుండా ఉంటాయి. తర్వాత తాపీగా బాబిన్‌లోంచి కొత్త కొస లాగి, పాత చుట్ల మీదే గట్టిగా నాలుగు చుట్లు వేసి, పాత కొసని వాటి కిందికి తొక్కేసి, మిగిలింది కత్తిరిస్తే, తెగినట్టు చేపకి కాదు కదా, కట్టినవాడికే తెలియదు.

కొస పొట్టిగా తెగితేనే సినిమా. బాబిన్ కింద పడి బల్ల కిందికి దొర్లుతుంది. మెడకి చుట్టిన ఈక చుట్టు వెంట చుట్టు విప్పుకుంటూ లేస్తుంది. ఎడమ బొటనవేలి గోటితో దాన్ని నొక్కి పట్టాలి, వదిలితే అంతే సంగతులు. కుడిచేత్తో బల్ల కింద తడిమి బాబిన్ తేవాలి. తెగిన దారం గొట్టంలోంచి వెనక్కి జారిపోయి రీలు దగ్గర పడుకుని ఉంటుంది. దాన్ని మళ్లీ ఎక్కించే సన్నటి తీగ ఒకటుంటుంది గానీ, అది ఎప్పుడూ ఎడమచేతి వైపు సొరుగులోనే ఉంటుంది. కాబట్టి కొసని గొట్టం ఒక మూతి దగ్గర ఆనించి, రెండో మూతిని నోట్లో పెట్టుకుని జుర్రుమని పీల్చాలి. నవ్వకండి, ఆరితేరినవాళ్లు కూడా ఇలాగే పీలుస్తారు.

నేను ఆ భంగిమలో ఉండగా నాన్న వీడియో కాల్ చేశారు. ముక్కుతో నొక్కి ఎత్తాను.

"ఏంట్రా, చుట్ట తాగుతున్నావా?"

"లేదు నాన్నా, దారం ఎక్కిస్తున్నా."

"నోటితోనా?"

నాన్నకి భీమవరం దగ్గర చేపల చెరువులు. బొచ్చె, శీలావతి లారీకెక్కితేనే ఆయన దృష్టిలో చేపలు పట్టినట్టు. ఒక్క చేప కోసం నేను పడే పాట్లు ఆయనకి మొదట్నుంచీ అనుమానమే. అంతలో బల్లమీది పుంజు మెడ ఆయన కంట పడింది. సంక్రాంతి రోజుల్లో బరి అవతల నుంచే కాకి, డేగ, సేతువ, మైల అని రంగు చెప్పేసే మనిషి. ఈ నలుపు తెలుపు అడ్డచారల దగ్గర కళ్లజోడు సవరించుకున్నారు.

"పర్లా కాదు, పూలా కాదు. ఇదేం జాతిరా?"

కొలరాడోలో డెల్టా అనే ఊళ్లో ఇలాంటి ఈకల కోసమే పుంజుల్ని పెంచే ఫారం ఉందని, మంచి రకం వంద డాలర్లు దాటుతుందని చెప్పాను.

"వంద డాలర్లా! అయితే బాగా ఎగిరి తన్నుద్ది."

"బతికి లేదు నాన్నా. మెడ మీది తోలూ ఈకలూ, అంతే."

ఆయన కాసేపు ఆలోచించారు. "మరి మాంసం ఎవరు తిన్నారు?"

ఆ ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. బొటనవేలు జారింది. ఆ ఆడమ్స్ అక్కడితో సరి. ఆ రోజు తీర్పులో నేరం భీమవరం మీద పడింది.

తెగని దారమే కొనేస్తే పోలా అని మీకు తట్టవచ్చు. నాకూ తట్టింది. జెల్ స్పన్ అని ఒకటుంది, జింకబొచ్చు బిగించి కట్టేవాళ్లు దానిమీద ప్రమాణం చేస్తారు. నిజంగానే తెగదు. కానీ నున్నగా ఉండి గాలం మీద నిలవదు, జారుతుంది. మామూలు కత్తెరకి లొంగదు. గట్టిగా లాగితే వేలు కోస్తుంది. ఆడమ్స్ గాలం తీగ చాలా సన్నం; నా లాగుడికి దారం చెక్కుచెదరలేదు, గాలం వంగింది. తెగాల్సినచోట తెగకపోతే పోయేది దారం కాదు, దాన్ని పట్టుకున్నవన్నీ పోతాయని అప్పుడు అర్థమైంది.

గ్రేలింగ్ అనే ఊళ్లో, ఆసాబుల్ నది దగ్గరి దుకాణంలో ఒక పెద్దాయన ఉన్నాడు. నా ముద్దాయిల జాబితా అంతా ఓపిగ్గా విని, ఒక పాత గాలం వైస్‌కి బిగించి, రీలు నా చేతికిచ్చి, "తెంపు" అన్నాడు. ఈకా వద్దు, బొచ్చూ వద్దు. ఉత్త గాలం మీద నాలుగు చుట్లు వేసి, తెగేదాకా మెల్లగా లాగాలి. మళ్లీ చుట్టాలి, మళ్లీ తెంపాలి.

మన పెద్దలు తెగేదాకా లాగకూడదన్నారు. మాట గొప్పదే. కానీ ఎక్కడిదాకా లాగితే తెగుతుందో చెప్పలేదు. అది తెలియనివాడు రెండే పనులు చేస్తాడు. భయపడి వదులుగా కడితే ఫ్లై నీళ్లలో విడిపోతుంది, మొండికేసి లాగితే బల్లమీదే తెగుతుంది. ఆ హద్దు పుస్తకంలో ఉండదు, వేళ్లకే తెలియాలి. వేళ్లకి తెలియాలంటే పోయినా బాధలేని దారాన్ని ముందు కొంత తెంపి పారెయ్యాలి.

తెంపుదామని కూర్చుంటే ఒక పట్టాన తెగదు, అది వేరే సంగతి. నైలాన్ దారం ముందు సాగుతుంది. వేలికి ఆ మెత్తదనం తగిలిందంటే ఇక ఆపెయ్ అని చెప్పినట్టే. పాలియెస్టర్ అంత సాగదు, మాటా పలుకూ లేకుండా తెగుతుంది. మెల్లగా లాగితే రెండూ నేననుకున్నదానికంటే చాలా మోస్తాయి, కుదుపుకే లొంగుతాయి. అన్ని చుట్లూ ప్రాణం పెట్టి బిగించక్కర్లేదు. ఏ ఈకకి ఆ ఈక కట్టిన చోట రెండు గట్టి చుట్లు, మిగతాచోట్ల బాబిన్ బరువే చాలు. ఇన్ని దారాలు తెంపాక తేలిందేమిటంటే, ఎక్కువ భాగం తెగేది 'ఎందుకైనా మంచిదని' వేసే ఆఖరి చుట్టు దగ్గరే. అలాంటి చుట్టు వేయాలన్న బుద్ధి నాకు మా ఇంటి నుంచే వచ్చింది. తాళం వేసి మూడుసార్లు లాగి చూసే వంశం మాది.

ఆసాబుల్ మామూలు నది కాదు. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ 1959లో పుట్టింది దాని ఒడ్డునే. గ్రేలింగ్ దిగువన కొంత మేర ఫ్లై తప్ప మరోటి వాడకూడదు, పట్టిన చేపని వదిలేయాలి. అక్కడ నా ఆడమ్స్‌కి ఒక బ్రౌన్ ట్రౌట్ పడింది. మెడ దగ్గర ముడి కదల్లేదు, దారం పోగు లేవలేదు. ఫొటో తీసుకుని, చేపని వదిలేసి, నాన్నకి పంపాను.

ఫోన్ వెంటనే వచ్చింది. "ఎంత తూగింది?"

"తూచలేదు నాన్నా. వదిలేశాను."

"వదిలేశావా? ఇంత దారం, ఇన్ని ఈకలు, వంద డాలర్ల పుంజు, చివరికి చేపని వదిలేశావా?"

అక్కడి రూల్ అదని చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత గొంతు తగ్గించి, "ఒరేయ్, పక్కన మీ బాబాయి ఉన్నాడు. పట్టుకుని వదిలేశాడని చెబితే ఊళ్లో నేను తలెత్తుకు తిరగలేను. దారం తెగిందని చెబుతున్నాను. నువ్వూ అదే చెప్పు" అన్నారు.

నా చేతిలో తెగకుండా పరువు నిలబెట్టిన దారం అదొక్కటే. దాని మీద కూడా నింద పడింది.