ట్రంప్ అవెన్యూలో యూ టర్న్ ఎక్కడ?

మా ఇంటికి ఎవరొచ్చినా దారి చూపించేది మైసమ్మ తల్లే. "మైసమ్మ గుడి దాటినంక వీడియో షాపు పక్క సందు, ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఆగు తమ్మీ" అంటే చాలు, బిర్యానీ చల్లారకముందే డెలివరీ పిల్లాడు గుమ్మంలో ఉంటాడు. వీడియో షాపు మూతపడి పదిహేనేళ్లు దాటింది. అయినా మా చిరునామాలో అది ఇంకా తెరిచే ఉంది. మా సందుకు మున్సిపాలిటీ వాళ్లు ఓ రోడ్డు నంబరు ఇచ్చారు గానీ అది కరెంటు బిల్లు కుర్రాడికి తప్ప ఎవరికీ తెలీదు.

ఇంత అజ్ఞానంలో బతుకుతున్న నాకు 2025 డిసెంబరులో శిఖరాగ్ర సదస్సు పెడుతూ తెలంగాణ సర్కారు కళ్లు తెరిపించింది. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ పక్కనున్న రోడ్డుకు డొనాల్డ్ ట్రంప్ అవెన్యూ అని పేరు పెడతామంది. గూగుల్ క్యాంపస్ కట్టే చోట గూగుల్ స్ట్రీట్, ఇంకో చోట మైక్రోసాఫ్ట్ రోడ్డు, విప్రో జంక్షన్. ఈ చివరిదానికి మాత్రం సర్కారు పడ్డ శ్రమేమీ లేదు. జనం ఎప్పటినుంచో దాన్ని విప్రో సర్కిల్ అనే పిలుస్తున్నారు, ఏ శిఖరాగ్ర సదస్సూ పెట్టకుండానే.

నా భయమల్లా ఒక్కటే. పేరు పెడితే గుణం వస్తుందని మా నాయనమ్మ అనేది. మా అన్నయ్యకు తాత పేరు పెట్టారు, తాత మొండితనం వడ్డీతో సహా వచ్చింది. మనిషికే వచ్చింది, రోడ్డుకు రాకుండా పోతుందా?

ట్రంప్ అవెన్యూ సంగతే చూడండి. ఆటో మలుపు తిరగ్గానే అడ్డంగా గొలుసు. "లక్ష డాలర్లు కట్టు." ఎందుకయ్యా అంటే, నువ్వు పక్క వీధి నుంచి వచ్చి ఈ వీధివాళ్ల పని లాక్కుంటావు కదా అంటారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకు ఆ పెద్దమనిషి ఇదే రేటు కట్టినప్పుడు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి చిలుకూరు వీసా బాలాజీ గుడి దాకా ఎన్ని గుండెలు జారాయో మనకు తెలియనిదా? వెనకాల వచ్చే కూరగాయల బండికి, 2025లో మన సరుకుకు వేసినట్టే, 25 శాతం సుంకం. అందులో పోసింది రష్యా చమురని తేలితే ఇంకో 25. యూ టర్న్‌కు మాత్రం అడ్డులేదు, ఎక్కడైనా తిప్పుకోవచ్చు. పొద్దున వన్‌వే, మధ్యాహ్నం టూవే, సాయంత్రానికి పక్క రోడ్డు కూడా తనదేనంటుంది. రెండు స్కూటర్లు గుద్దుకుని, తిట్టుకుని, వాటంతట అవే సర్దుకుపోతే ఆ రాజీ నేనే కుదిర్చానని నెల రోజులు చెప్పుకుంటుంది.

గూగుల్ స్ట్రీట్‌లో ఆ గొడవలుండవు. దారి అడిగితే ముందు మూడు ప్రకటనలు చూపిస్తుంది. మీరడిగింది ఇరానీ చాయ్, అది తీసుకెళ్లేది డబ్బు కట్టిన కాఫీ షాపుకి. నిన్న రాత్రి మంచం మీద మోకాలి నొప్పని మూలిగారా, పొద్దున్నే రోడ్డు పొడుగునా మోకాలి తైలం బోర్డులు. మైక్రోసాఫ్ట్ రోడ్డు కొంత దూరం బాగానే పోతుంది, తర్వాత ఉన్నట్టుండి ఆగిపోతుంది. "38 శాతం పూర్తయింది. దయచేసి బండి ఇంజను ఆపకండి."

రోడ్లకు కంపెనీల పేర్లు పెట్టే ఈ ఆలోచన 2008లోనే వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. అప్పుడు హైదరాబాద్ మీసం తిప్పింది సత్యం కంప్యూటర్స్‌ను చూసుకునే. తప్పకుండా ఒక సత్యం మార్గం వెలిసేది. 2009 జనవరి 7న సంస్థ అధిపతి లెక్కల్లో కల్పితాలున్నాయని ఉత్తరం రాశాక ఇంజనీర్లు పరుగెత్తుకెళ్లి కొలిస్తే, బోర్డు మీద పన్నెండు కిలోమీటర్లు ఉండేది. నేల మీద ఉండేది ఆ బోర్డొక్కటే. ట్విటర్ వీధి పెట్టినా గండమే. 2023లో అది రాత్రికి రాత్రి ఎక్స్ అయిపోయింది. గోడ మీద ఎక్స్ కనిపిస్తే ఏం జరుగుతుందో మూసీ ఒడ్డు వాళ్లనడగండి. 2024లో అధికారులు వాళ్ల ఇళ్లమీద ఎర్రరంగుతో ఆర్‌బీ ఎక్స్ అని రాసి పోయారు. ట్విటర్ వీధిలో బోర్డు మారీ మారకముందే బుల్డోజరు దిగేది.

అయినా ఈ పేర్ల పిచ్చి ఇవాళ పుట్టింది కాదు. కోకాపేటలో వేలం వేసిన లేఅవుట్‌కు నియోపొలిస్ అని గ్రీకు పేరు పెట్టారు. 2023లో అక్కడ ఎకరం వంద కోట్లు దాటింది. కోకాపేట అంటే అంత పలకదనుకున్నారేమో. పోనీ, గచ్చిబౌలి పేరులో ఒక దిగుడుబావి ఉందని అక్కడి ఐటీ టవర్లలో కూర్చున్న ఎంతమందికి తెలుసు? 1998లో సైబర్ టవర్స్ లేచేనాటికి ఆ చుట్టుపక్కల బండలూ చెలకలే. ఆ చెలకలకూ పేర్లుండేవి. బాయికాడి చెలక, చింతల మడి, రాళ్ల పట్టి. ఏ మాస్టర్ ప్లాన్‌లోకీ అవి ఎక్కలేదు. భూమి తీసుకునే నోటీసులో కనబడేది సర్వే నంబరూ గుంటలే.

బోర్డు చూసి గూగుల్ రాలేదయ్యా, మన పిల్లల చదువు చూసి వచ్చింది. బోర్డు చూసి ట్రంప్ వీసా ఫీజులో ఒక్క డాలరు తగ్గించడు. మరి ఎవరి కోసం ఈ దండాలు? యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాల్లో ఫార్మా సిటీ అని చెప్పి రైతుల దగ్గర భూమి తీసుకున్నారు. ఇప్పుడు వాటితో కలిపి 56 ఊళ్ల మీద ఫ్యూచర్ సిటీ గీతలు గీస్తున్నారు. భూమి తీసుకున్న కారణాన్నే మార్చేసిన ఈ సర్కారుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ ఆ రైతులు ఏళ్ల తరబడి తిరుగుతున్నారు. వీసా వచ్చినవాడు చిలుకూరులో 108 ప్రదక్షిణలు చేసి ఆగిపోవచ్చు. వీళ్లు ఎన్ని చేస్తే ఆగవచ్చో ఒక్కరూ చెప్పరు. వాళ్ల ఊళ్ల పేర్లలో రేపు ఎన్ని మిగులుతాయో అడిగే దిక్కూ లేదు. సర్కారుకు గుర్తొచ్చిన పేరు మాత్రం వాషింగ్టన్‌ది!

మా బంధువు ఒకాయన రోడ్డు కోసం రెండెకరాలు పోగొట్టుకున్నాడు. పరిహారం చెక్కు మీద ఇంటిపేరు తప్పు పడింది. దాన్ని దిద్దించుకోవడానికి పదకొండు నెలలు పట్టింది. ట్రంప్ అవెన్యూ బోర్డులో ఒక్క అక్షరం తప్పు పోదు, నాదీ పూచీ.