బీ-ఫారము ఆత్మకథ

నా జన్మము ఏమంత గొప్పగా చెప్పుకొనదగినది కాదు. ఏడు గడులును, మూడు వాక్యములును, అడుగున ఒక్క సంతకమునకు చోటును గల ఒంటి కాగితమును. 1968 నాటి ఎన్నికల చిహ్నముల ఉత్తరువు నాకు తల్లి. నేను చేతికి రానిదే పార్టీ గుర్తు దక్కదు గనుక, ఐదేండ్లు శాసనసభలో కూర్చుండి, మందీమార్బలముతో ఊరూర తిరిగి, కనబడిన శిలాఫలకమునెల్ల తన పేరుతో నింపుకొనిన మహానుభావుడు సైతము ఎన్నికల ఋతువు రాగానే నా రెండవ గడిలో ఎవరి పేరు పడునో యని నిద్ర మానుకొనవలసినదే.

నన్ను వ్రాసిన పార్టీ పేరును, నన్ను మోసిన శాసనసభ్యుని పేరును చెప్పను. 2023వ సంవత్సరమున తెలంగాణ శాసనసభ ఎన్నికలకు ముందు కొన్నాళ్లు హైదరాబాదులో పార్టీ కార్యాలయపు బీరువాలో వట్టి కాగితముగా పడియుంటిని. ఇనుప బీరువాకు చెవులుండవను భ్రమచే కార్యాలయమువారు సర్వమును దాని ముంగిటనే మాటలాడుకొనిరి. శాసనసభ్యుని అందరును ‘సిట్టింగు’ అని పిలుచుచుండిరి. కూర్చున్నవాడని అర్థము, ఇక లేవవలసినవాడని ధ్వని. ఆయన కుర్చీపై కన్నువేసిన ఆశావహులు మువ్వురు: పాత శాసనసభ్యుని కుమారుడొకడు, జిల్లా పరిషత్తు సభ్యుడొకడు, నిరుడే కండువా మార్చి వచ్చిన గుత్తేదారొకడు. సిట్టింగు ఫోను ఎత్తడనియు, ఇండ్ల జాబితాలో తన బంధువులనే చేర్చుకొనెననియు, ఈసారి ఆయననే నిలిపినచో ఓటమి తథ్యమనియు వారు వేర్వేరుగా వచ్చి, ఒకే మాటను మూడు గొంతులతో చెప్పి పోయిరి. ఆయనయు ఊరకుండలేదు, తన గెలుపు ఖాయమని చెప్పెడి సర్వే నొకదానిని చంకబెట్టుకొని వచ్చెను. గుత్తేదారు కడను ఒక సర్వే ఉండెను. రెంటిలోను ప్రజలు వారే, అంకెలు మాత్రమే వేరు.

నాకు ఆశ్చర్యము కలిగించినది వేరొకటి. అభ్యర్థి మా పార్టీ సభ్యుడేననియు, అతని పేరు సభ్యుల పట్టికలో ఉన్నదనియు నా మూడవ వాక్యము ధ్రువపరచును. ఆ పట్టికలో ఒక్క ఆ నియోజకవర్గమునుండియే వేలమంది ఉన్నారట. జెండాలు కట్టినవారు, గోడలకు సున్నము కొట్టి గుర్తు వ్రాసినవారు, సభలకు ట్రాక్టర్లు తోలినవారు. మీకు ఎవరు కావలెనని వారిలో ఒక్కని పిలిచి అడిగినట్లు నేను బీరువాలో ఉన్నన్నాళ్లును వినలేదు. పట్టిక సాక్ష్యమునకు మాత్రమే పనికివచ్చినది.

తుదకొక రాత్రి సిట్టింగు పేరే నాపై వ్రాసిరి. సంతకము సిరాతోనే ఉండవలె, రబ్బరు ముద్ర చెల్లదు గనుక, పార్టీ పెద్దాయన కలము తీసి స్వహస్తముతో చేసెను. నా ఐదవ గడి ఇంకను ఖాళీగనే ఉండెను. అది ప్రత్యామ్నాయ అభ్యర్థిది; మొదటివాని నామినేషను పరిశీలనలో వీగిపోయినను, వాడే ఉపసంహరించుకొనినను బరిలోనికి వచ్చువానిది. జిల్లా పరిషత్తు సభ్యుడు తలుపు కడ నిలుచుండి, “అన్నా, జర ఆ గడిలనన్న నా పేరు రాయించుండ్రి” అని ప్రాధేయపడెను. సిట్టింగు విని నవ్వి, అందులో తన భార్య పేరు వ్రాయించుకొనెను. ఆ గడిలో పరాయివాని పేరుండగా ఏ నాయకునికి నిద్రపట్టును?

అంతటితో భయము తీరినదా? తీరలేదు. అందుకు కారణము నా రెండవ వాక్యము. పూర్వమిచ్చిన బీ-ఫారమును రద్దుచేయుచున్నామని చెప్పుటకు ఏర్పడిన వాక్యమది, అక్కరలేనిచో కొట్టివేయుదురు. నాలో కొట్టివేసిరి. కాని గడువులోగా వేరొక కాగితము అదే వాక్యముతో వచ్చినచో నేను చిత్తు కాగితమునే. ఆ యేటనే అలంపురములో ఆగస్టు 21న అభ్యర్థిగా పేరు ప్రకటింపబడిన శాసనసభ్యునికి కాక, నామినేషన్ల వేళకు బీ-ఫారము వేరొకరికి దక్కెను. ఆ వార్త తెలిసిన దినము మా సిట్టింగు నన్ను ప్లాస్టిక్ సంచిలోనుండి నాలుగుమారులు తీసి చూచుకొనెను.

నవంబరు 10, నామినేషన్లకు తుది దినము, దీపావళికి రెండు దినముల ముందు. త్రోవలో ఎల్లమ్మ గుడిలో నన్ను అమ్మవారి పాదముల కడ ఉంచగా నా మూలకు పసుపు అంటెను. ఎన్నికల అధికారి గదిలోనికి అభ్యర్థితో నలుగురినే రానిత్తురు. డప్పులవారు గేటు వెలుపలనే నిలిచిరి. పదివేల రూపాయల ధరావతు కట్టి, ప్రమాణము చదివి, నన్ను అప్పగించునప్పటికి రెండున్నర దాటెను. పని తీరినను ఆయన లేవలేదు. మంచినీరు త్రాగుచు గోడ గడియారమునే చూచుచుండెను. మూడు గంటలు దాటినచో ఏ కాగితమును నన్ను చంపజాలదు.

మూడుకు పది నిమిషములుండగా గుత్తేదారు లోనికి వచ్చెను. చేత కాగితము! సిట్టింగు సగము లేచెను. అది బీ-ఫారము కాదు, స్వతంత్ర అభ్యర్థి నామినేషను. గుర్తింపు పొందిన పార్టీవానికి ఒక్క ప్రతిపాదకుడు చాలును గాని స్వతంత్రునకు పదిమంది కావలెను. ఆయన నిట్టూర్చి మరల కూర్చుండెను. గుమాస్తా ఆ కాగితమును తెచ్చి నా ప్రక్కనే ఉంచెను. పది సంతకములలో మొదటిది, క్రిందటి రాత్రి మా సిట్టింగు ఇంట భోజనముచేసి, “గెలుపు మనదే అన్నా” అని చేయి కడుగుకొని పోయిన మండలాధ్యక్షునిది.