"ఎల్క వైరు కొర్కింది": సటీకా తాత్పర్యము

మూలము: "ఎల్క వైరు కొర్కింది, బండి షురూ అయితలేదు."

అవతారిక: సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్టు బేస్‌మెంటులో, లాభపంచమి ఉదయాన, లింబాయత్‌వాసియగు ఒక తెలుగు వ్యాపారి తమ్మునికి ఫోనున పలికిన వాక్యమిది. దీపావళికి మూసిన దుకాణములు ఆనాడు తెరుతురు గనుక అందాక కారు కదలలేదని ఊహ్యము.

ప్రతిపదార్థము: ఎల్క = మూషికము (ఏకవచనమైనను సకుటుంబముగా అని భావము); వైరు = చేయి దూరనిచోట నుండు తీగ, కావుననే ఖరీదైనది; కొర్కింది = ఆకలి లేకయే కొరికెను; బండి = వాయిదాలింకను తీరని కారు; షురూ అయితలేదు = లాభపంచమి తొలిబేరము మెకానిక్కుకు దక్కెను.

తాత్పర్యము: కారు నిలిచినచో ఎలుక దానిని ఇల్లనుకొనును. టైరు మీదుగా ఎక్కిన చాలు, అడుగున సందులే సందులు. పైన మూత, లోన చీకటి. పరుపునకు మార్కెట్టు నిండ జార్జెట్టు చిందీ (గుడ్డపేలికలు).

వైరు తొడుగులోని సోయాకు మరిగి కొరుకునని కొందరు. అమెరికాలో ఈ వాదముతోనే 2016లో టొయోటాపై కోర్టుకెక్కిరి. అది పొసగదు. సోయా ఎరుగని పాత అంబాసిడర్లనూ ఎలుకలు విడువలేదు. వాటి ముందుపళ్ళు బ్రతికినన్నాళ్ళూ పెరుగును, అరగదీయక తప్పదు. రుచి కాదు, అవసరము.

"మూషికవాహనము" అనుచోట బహువ్రీహి యైన వినాయకుడు, షష్ఠీతత్పురుషమైన ఈ కారు.

విశేషము: ఈ ఊరిలో ఎలుక పేరు తేలికగా ఎత్తరాదు. 1994 సెప్టెంబరులో ప్లేగనగానే లక్షలమంది దొరికిన రైలెక్కి పోయిరి. మరుసటి ఏట మునిసిపల్ కమిషనరుగా వచ్చి ఊరంతా ఊడ్పించినవాడు సూర్యదేవర రామచంద్రరావు. ఆ ఇంటిపేరు విన్న మనవారి ఛాతీ ఇప్పటికీ రెండంగుళాలు పెరుగును. వీధులు బాగుపడెను గాని, బానెట్టు కింద ఊడ్చు అధికారము ఏ కార్పొరేషనుకున్నది?

పరిహారము: నాఫ్తలీన్ ఉండలు, పొగాకు కాడలు వ్యాపారి ముందే పెట్టెను; ఎలుక వాటిని పక్కకు నెట్టి కాపురము పెట్టెను. హోండావారు మిరప ఘాటు పట్టించిన టేపు అమ్ముచున్నారు. ఆవకాయ జాడీల నడుమ పెరిగిన తెలుగింటి ఎలుకను అది ఏపాటి ఆపునో! రోజూ బండి తీయుమని మెకానిక్కు మతము. తన బేరమునకే గొడ్డలి పెట్టు గనుక, ఇది నిజమై యుండును.

పాఠాంతరములు: "పిల్లి" అని జపాను ప్రతి. చలికి ఇంజను వెచ్చదనము మరిగి పిల్లులు దూరునని, స్టార్టు చేయుటకు ముందు బానెట్టు తట్టుడని నిస్సాన్‌వారు అక్కడ ప్రచారమే చేసిరి. "పాము" అని మన వానకాలపు ప్రతి. అందలి వ్యాఖ్యాత బానెట్టు సగమెత్తి పరుగందుకొన్నందున ఆ భాగమునకు టీక లభింపలేదు.