నిండు నూరు

మేనకోడలి పెళ్ళికి మేనమామ ఆలస్యంగా వెళ్ళడం మా ఇంటావంటా లేదు. ప్యాసింజరు రైళ్ళ కాలంలో లేదు, ఆర్టీసీ సమ్మెలప్పుడు కూడా లేదు. పెట్రోలు చుక్క అక్కర్లేని, పొగా చప్పుడూ లేని, పచ్చ ప్లేటు మీద తెల్లంకెలున్న కారు నేను కొన్నాక ఆ ముచ్చటా తీరింది. కారు తప్పేమీ లేదు. దానికి చేతనైనదంతా అది చేసింది.

నేను జూనియర్ కాలేజీలో ముప్పై రెండేళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. గొప్ప కోసం చెప్పడం లేదు, నేరం బరువు తెలియాలని చెబుతున్నాను. కెపాసిటర్ ఎలా నిండుతుందో, రిలే ఎలా పనిచేస్తుందో, సీసపు బ్యాటరీలో ఏ పలక ఏమవుతుందో వేలమంది పిల్లల చేత బట్టీ పట్టించాను. ఆ మూడూ ఒకే ప్రయాణంలో వరసగా నా మీద కక్ష తీర్చుకున్నాయి.

పెళ్ళి తెనాలిలో. ముహూర్తం రాత్రి 8.40కి. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామ. మా చెల్లెలికి తోడబుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. "ముందు రోజే వెళ్దామండీ" అని మా ఆవిడ నెల ముందు నుంచీ పోరుతూనే ఉంది. నేను ఒప్పుకోలేదు. అప్పటికే బావగారికి ఫోన్లో చెప్పేశాను మరి: "పొద్దున వనస్థలిపురంలో కాఫీ తాగి ఎక్కితే సాయంత్రం కాఫీకి మీ గుమ్మంలో ఉంటాం. ఖర్చు మీ డీజిల్లో నాలుగో వంతు." బావగారిది పదిహేనేళ్ళ నాటి డీజిల్ బండి. స్టార్ట్ చేస్తే వీధి చివర కుక్కలు లేస్తాయి. ఏడాదిగా దాని మీద నేను వేయని జోకు లేదు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

కంపెనీ కాగితం మీద ఒక్క చార్జికి 450 కిలోమీటర్ల పైమాట. మా ఇంటి నుంచి తెనాలి మూడు వందల లోపే. ఇక ఆలోచించడానికేముంది? ఆ కాగితం అంకె ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు కూడా. ల్యాబులో చక్రాల్ని రోలర్ల మీద తిప్పి, ఎక్కడా 90 దాటని వేగంతో, ఆగుతూ సాగుతూ కొలుస్తారు. హైవే మీద మనం వెళ్ళేది అలా కాదు. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 మీద ఎంత ఉంటుందో 100 మీద దానికి దాదాపు మూడింతలు. ఈ సూత్రాన్ని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. రాసింది పరీక్షల కోసం. నా కారుకు కూడా వర్తిస్తుందని తోచలేదు.

ఆ రోజు తొమ్మిదికి బయల్దేరాలి. తొమ్మిదికి తెర మీద 97 శాతం ఉంది. రాత్రి కాసేపు కరెంటు పోయింది లెండి. 97తో హాయిగా వెళ్ళొచ్చు. కానీ శుభమా అని వెళ్తూ కుండ వెలితిగా తీసుకెళ్తామా? "నూరు కానీ" అన్నాను. ఆ చివరి మూడూ ఎంతకీ ఎక్కవు. పట్టుచీరలో మా ఆవిడ మూడుసార్లు వాకిట్లోకి వచ్చి చూసి వెళ్ళింది. నాలుగోసారి మామూలు చీర మార్చుకుని వచ్చి, "పట్టుచీర అక్కడ కట్టుకుంటాను, ఇవాళే వెళ్తే" అంది. పదకొండు కావస్తోంది.

చౌటుప్పల్ చేరేసరికి బండి నడిచింది 40 కిలోమీటర్లు, ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోతుందో తెర మీద చూపే అంకె తగ్గింది 70. నా అరచేతులు చెమర్చాయి. ఆ తెర మీది అంకె కొలబద్ద అనుకున్నాను, అది జోస్యం. నిన్నా మొన్నా మనం ఎలా నడిపామో చూసి, ఇక ముందూ ఇలాగే నడుపుతాడులే అని సాఫ్ట్‌వేర్ వేసుకునే అంచనా. నెల రోజులుగా నేను రైతు బజారుకీ గుడికీ నలభై దాటకుండా తిప్పాను. అది నన్ను బుద్ధిమంతుడనుకుంది. హైవే ఎక్కి వంద మీద వదిలేసరికి పాపం అభిప్రాయం మార్చుకుంది. ఇదంతా తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు మాత్రం బ్యాటరీకి ఎక్కడో చిల్లు పడిందన్నట్టే కంగారుపడి, కనబడిన మొదటి చార్జింగ్ పాయింటులోకి తిప్పేశాను.

అక్కడ గన్ను పెట్టగానే కరెంటు రాదు. ముందు వాళ్ళ యాప్ దింపుకోవాలి, నంబరివ్వాలి, ఓటీపీ కొట్టాలి, వాలెట్లో డబ్బు వేయాలి. తర్వాత సూర్యాపేటలో ఇంకొకరి యాప్, నందిగామలో మరొకరిది. ఎందుకైనా మంచిదని ఒక్కోదాన్లో వెయ్యేసి రూపాయలు వేశాను. మిగిలిన డబ్బు ఇప్పటికీ ఆ మూడింట్లోనూ ఉంది. నాకొచ్చిన జబ్బు బ్యాటరీకే పరిమితం కాలేదని చెప్పడానికి ఈ ముక్క రాశాను. చౌటుప్పల్‌లో మళ్ళీ నూరు చేసి కదిలేసరికి గంట గడిచింది.

సూర్యాపేటలో ముప్పావుగంట క్యూ. మా ముందు కారాయన టీ తాగుతూ 94, 95, 96 అని చూస్తూ కూర్చున్నాడు. "ఏం మనుషులండీ, వెనక వాళ్ళు ఆగి ఉన్నారన్న ఇంగితం లేదు" అని మా ఆవిడతో గట్టిగానే, ఆయనకు వినబడేట్టే అన్నాను. తర్వాత నా వంతు వచ్చింది.

మాది 67 దగ్గర మొదలైంది. 80కి చేరడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత మొదలైంది నత్తనడక. యంత్రం మీద 30 కిలోవాట్లు ఉన్నది 20 అయింది, 10 అయింది, చివరికి మా ఇంటి ప్లగ్గు పాటిగా మిగిలింది. బ్యాటరీ నిండే కొద్దీ వడి తగ్గించకపోతే దానికే హాని. పల్లెవెలుగు బస్సు ఎక్కడం లాంటిదే. ఖాళీ బస్సులో మొదటి నలభైమందీ నిమిషంలో కూర్చుంటారు. ఆఖరి పదిమందిని ఎక్కించాలంటే కండక్టరు "జరగండి, లోపలికి జరగండి" అంటూ ఒక్కొక్కరికీ చోటు చెయ్యాలి. కెపాసిటర్ గ్రాఫు గీసి, "పైకి పోయే కొద్దీ గీత ఎలా వంగుతోందో చూడండ్రా" అని నేను సుద్దముక్కతో చూపించేది అచ్చం ఈ వంపే. అది కెపాసిటరు, ఇది బ్యాటరీ, లోపలి కథ వేరు. కానీ వంపు వంపే. కళ్ళ ముందు అంకెల రూపంలో కనిపిస్తుంటే గుర్తుపట్టలేకపోయాను.

కాలక్షేపానికి మా ఆవిడకు పాఠం మొదలుపెట్టాను. ఎలక్ట్రిక్ కారు కొత్తదేం కాదనీ, భూమ్మీద గంటకు వంద కిలోమీటర్లు దాటిన మొదటి కారు ఎలక్ట్రిక్‌దేననీ, 1899లో కమీ జెనాట్జీ అనే బెల్జియం ఆయన నడిపాడనీ చెప్పాను. అంతా విని, "ఆయన మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడా?" అంది.

అప్పుడొచ్చాడు వెనక కారు కుర్రాడు. "అంకుల్, ఎనభై దాటింది కదండీ, మాకిస్తారా? మాది పన్నెండే ఉంది. ఖమ్మం వెళ్ళాలి, కార్లో పెద్దవాళ్ళున్నారు" అన్నాడు. నేను ఏమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "నేను మేనమామని బాబూ" అన్నాను, అదేదో అంబులెన్స్ సైరన్ అయినట్టు. అతనికి ఏమనాలో తెలియక తల ఊపి వెనక్కి వెళ్ళాడు. ఇంకో గంటా పది నిమిషాలు నేను ఆ గన్ను వదల్లేదు.

నందిగామ గురించి చెప్పడానికేం లేదు. అక్కడా అదే పని చేశాను. మా ఆవిడ అప్పటికి మాట్లాడటం మానేసింది.

తెనాలిలో కల్యాణమండపం ముందు బండి ఆపేసరికి 9.15. తెర మీద 68 శాతం. లోపల జీలకర్ర బెల్లం అయిపోయింది, తలంబ్రాలు పోసుకుంటున్నారు, అందరూ నవ్వుతున్నారు. గంప ఒక మూల బోర్లించి ఉంది. మోసింది మా పెదనాన్నగారి అబ్బాయి. వాడు హైదరాబాదు నుంచి పొద్దున్నే ఆర్టీసీ బస్సులో వచ్చి, మధ్యాహ్నం భోంచేసి, ఒక కునుకు కూడా తీశాడట. మా చెల్లెలు నన్ను చూసి ఏమీ అనలేదు. "కాళ్ళు కడుక్కో అన్నయ్యా" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇప్పుడు లెక్క వేస్తే తేలుతోంది. బండికి వంద కిలోమీటర్లకు 38 శాతం ఖర్చయింది. ఇంట్లోంచి 97తో తిన్నగా సూర్యాపేట వెళ్ళి, అక్కడ ఎనభై దాకా అరగంట ఎక్కించుకుని ఉంటే, తెనాలిలో పదిహేను శాతం చేతిలో ఉండగా, నాలుగున్నరకల్లా దిగేవాణ్ణి. బావగారికి చెప్పిన కాఫీ వేళకే.

బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో. భోజనాల దగ్గర పిల్లలు చుట్టూ చేరి కారు గురించి అడిగారు. ఫోన్లో యాప్ తెరిచి చూపించాను: "ఇదిగో, ఇక్కడ కూర్చునే బండిలో ఎంతుందో చూడొచ్చు. 68." వియ్యాలవారి తరఫు పెద్దాయనకు చూపించాను. వంటాయనకు చూపించాను. రాత్రి నిద్ర పట్టక, 68 అలాగే ఉందా అని పది నిమిషాలకోసారి నేనే చూసుకున్నాను. అలాగే ఉంది.

మేనకోడలు బంగారుతల్లి. "గంప పోతే పోయిందిలే మామయ్యా, పొద్దున గుంటూరు నీ కార్లోనే వెళ్తాం" అంది. తెల్లవారుతూనే బండికి పూలదండలు కట్టించాను. అప్పగింతలయ్యాయి, అందరి కళ్ళూ తుడుచుకోవడం అయింది. కొత్త దంపతులను వెంటబెట్టుకుని వచ్చి తాళం బొత్తాం నొక్కాను. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను. తలుపు రాదు, దీపం వెలగదు. రాత్రంతా 68 అంటూ బుద్ధిగా జవాబిచ్చిన యాప్ ఇప్పుడు బండే అందుబాటులో లేదంటోంది. పుస్తకంలో చూద్దామంటే, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఆ పుస్తకం బండి లోపల డ్యాష్‌బోర్డు అరలో ఉంది.

బావగారి డ్రైవరు వచ్చాడు. నా చేతిలో తాళం తీసుకుని, దాని పక్కనున్న మీట నొక్కి, లోపలి నుంచి చిన్న ఇనుప తాళంచెవి బయటికి లాగాడు. అది ఉన్నట్టు నాకు తెలియదు. తలుపు తీసి, బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి అన్నాడు: "పెద్ద బ్యాటరీకి ఏం కాలేదు మాస్టారూ. చిన్నది పడిపోయింది."

దాదాపు ప్రతి ఎలక్ట్రిక్ కారులోనూ మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల బుల్లి బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది. చాలా బళ్ళలో అది పాత సీసపు రకమే, 1859లో గాస్తన్ ప్లాంటే కనిపెట్టినది. తలుపులు, దీపాలు, కంప్యూటర్లు దాని మీదే నడుస్తాయి. అసలు పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే రిలేలు మూసుకోవాలన్నా ఆ చిన్నది వాటి తీగచుట్టలోకి కరెంటు పంపాలి. చిన్నది పడుకుంటే పెద్దది ఎంత నిండుగా ఉన్నా గదిలో తాళం వేసిన ధాన్యమే. తాళం వేశాక బండిలో కంప్యూటర్లు నిద్రపోతాయి. యాప్ తెరిచి "ఎంతుంది?" అని అడిగిన ప్రతిసారీ అవి లేచి కూర్చుని జవాబు చెప్పాలి. ఆ లేవడానికి ఖర్చయ్యేది చిన్న బ్యాటరీయే. దానికి తోడు, సారె సామాన్లు దించాక డిక్కీ సరిగ్గా పడలేదు, లోపలి దీపం తెల్లవార్లూ వెలిగింది. కరెంటు ఉందా లేదా అని అడిగి అడిగి, ఉన్న కాస్తా నేనే తాగించేశాను.

బావగారు తన డీజిల్ బండిని తీసుకొచ్చి నా కారు ముక్కుకు ముక్కు ఆనించి నిలబెట్టారు. వీధి చివర కుక్కలు లేచాయి. డ్రైవరు ఎర్ర తీగా నల్ల తీగా తగిలించాడు. రెండు నిమిషాల్లో నా తెర వెలిగింది. 68. బాజాల వాళ్ళు ఎందుకో ఆ క్షణంలోనే గట్టిమేళం మొదలుపెట్టారు. బావగారు ఒక్క మాట అనలేదు. అంటారని ఏడాది జోకులకు జవాబుగా నేనే నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకుని నిలబడ్డాను, అవి వృథా అయ్యాయి.

పురోహితుడు మాత్రం దంపతులను నిండు నూరేళ్ళు వర్ధిల్లమని దీవిస్తుంటే మా ఆవిడ నావైపు చూసింది.

సూర్యాపేటలో నా వెనక ఆగిన అబ్బాయి ఇది చదువుతాడో లేదో తెలియదు. చదివితే, బాబూ, ఖమ్మం అక్కడికి అరవై కిలోమీటర్లు. నీకు కావలసింది పావుగంట కరెంటు. నిన్ను గంటా పది నిమిషాలు నిలబెట్టి నేను పట్టుకెళ్ళిన కరెంటు తెనాలిలో పెళ్ళిపందిరి పక్కన రాత్రంతా ఊరికే పడి ఉంది.